ఒక పేరు, పలు వ్యాసాలు: వికీలో దారి చూపే మూసలు

అచ్చయిన విజ్ఞాన సర్వస్వంలో ఒకే పేరు గల రెండు అంశాలు ఒకే పుటలో ఒకదాని కింద ఒకటి ఇబ్బంది లేకుండా ఇమిడిపోతాయి. మొదటిది తనకు కావలసింది కాదని గ్రహించిన పాఠకుడు కాస్త కిందికి చూస్తే రెండోది కనబడుతుంది. వికీపీడియాలో ఈ వెసులుబాటు లేదు. దానిని నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేరు పేజీలన్నింటినీ వ్యాసాలు, చర్చలు, మూసలు వంటి తరగతులుగా విభజించి (వీటినే తెలుగు వికీపీడియన్లు పేరుబరులు అంటారు) ఒక్కో పేరుబరిలో ఒక శీర్షికకు ఒకే పేజీ ఉండేలా డేటాబేసు స్థాయిలోనే కట్టడి చేస్తుంది. అందువల్ల ‘అన్నమయ్య’ అనే శీర్షిక ఒక్క పేజీకే దక్కుతుంది. వెతుకుపెట్టెలో ఆ నాలుగక్షరాలు రాసిన పాఠకుడికి పదిహేనో శతాబ్దపు సంకీర్తనాచార్యుడు కావాలో, 1997లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో నాగార్జున నటించిన సినిమా కావాలో, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన జిల్లా కావాలో యంత్రానికి తెలియదు. అచ్చంగా ఆ శీర్షికతో పేజీ ఉంటే అది నేరుగా అక్కడికే తీసుకుపోతుంది. తప్పు పేజీకి చేరిన పాఠకుణ్ణి సరైన పేజీకి చేర్చడానికి వ్యాసం నెత్తిన ఒకటి రెండు వాక్యాల గమనిక ఉంటుంది. దీనిని ఆంగ్ల వికీపీడియన్లు హ్యాట్‌నోట్ అంటారు. దానిని పుట్టించేది మూస, అంటే ఒకసారి రాసి పెట్టుకొని ఎన్ని పేజీల్లోనైనా పిలిచి వాడుకోగల వికీపాఠ్యపు ముక్క.

ఒక పేరు పలు వస్తువులకు ఉండడం భాషకు పట్టిన రోగమని తొందరపడి అనుకోనక్కరలేదు. అమెరికా భాషావేత్త జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ 1945లోనే, ఒక మాట ఎంత ఎక్కువగా వాడుకలో ఉంటే దానికి అన్ని ఎక్కువ అర్థాలు ఉంటాయని, ఆ అర్థాల సంఖ్య సుమారుగా వాడుక తరచుదనపు వర్గమూలాన్ని అనుసరిస్తుందని చూపించాడు. స్టీవెన్ పియాంటడోసి, హ్యారీ టిలీ, ఎడ్వర్డ్ గిబ్సన్ 2012లో ప్రచురించిన పరిశోధనలో ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇంగ్లీషు, జర్మన్, డచ్ భాషల పదాలను పరిశీలించి, పొట్టిగా, పలకడానికి సులువుగా ఉండే మాటలకే ఎక్కువ అర్థాలు అంటుకొని ఉండడం భాషకు లాభమేనని వాదించారు. ఎందుకంటే సందర్భం ఎలాగూ అర్థాన్ని తేల్చిపెడుతుంది కాబట్టి, సులువైన మాటను మళ్ళీ మళ్ళీ వాడుకోవడమే పొదుపు. ‘కృష్ణ పొంగుతోంది’ అన్నప్పుడు నటుడు గుర్తుకు రాడు, ‘కృష్ణ సినిమా చూశాం’ అన్నప్పుడు నది గుర్తుకు రాదు. విజ్ఞాన సర్వస్వపు శీర్షికకు మాత్రం ముందు వాక్యం ఉండదు, వెనుక వాక్యం ఉండదు. సంభాషణలో ఉచితంగా దొరికే సందర్భం అక్కడ పూర్తిగా తెగిపోతుంది. హ్యాట్‌నోట్ చేసే పని, తెగిపోయిన ఆ సందర్భంలో పాఠకుడికి చాలినంత మేరకు, అంతకంటే వీసమెత్తు ఎక్కువ కాకుండా, తిరిగి అందించడం. ఈ ‘ఎక్కువ కాకుండా’ అన్నదే ఇందులో కష్టమైన భాగం.

సమస్య వికీలతో పుట్టినది కాదు. గ్రంథాలయ శాస్త్రంలో చార్లెస్ అమ్మీ కట్టర్ 1876లో ప్రకటించిన జాబితా నియమాలలో, పాఠకుడు ఏ పేరుతో వెతికినా అసలు పద్దుకు చేరేలా ‘చూడుము’, ‘ఇదియును చూడుము’ అనే రెండు రకాల సూచనలకు స్పష్టమైన స్థానం ఇచ్చాడు. తరువాతి కాలంలో గ్రంథాలయాలు ఒకే పేరు గల రచయితలను వేరుపరచడానికి పేరు పక్కన జనన మరణ సంవత్సరాలను చేర్చే పద్ధతిని స్థిరపరిచాయి. తెలుగు నిఘంటువుల్లో కనిపించే ‘చూ.’ అనే పొడి సంకేతం కూడా ఈ కుటుంబానిదే. అయితే నిఘంటుకర్త తన పని ముగించి అచ్చుకు ఇచ్చిన తరువాత పదాల సంఖ్య పెరగదు, వికీలోనేమో నిన్నటి దాకా ఒంటరిగా ఉన్న పేరుకు ఈ రోజు ఒక జిల్లా, రేపు ఒక వెబ్ సిరీస్ వచ్చి చేరతాయి. సూచనలను చేతితో ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోతే వాటి నడత, వాక్యం, అలంకరణ పేజీకొక తీరుగా మారిపోతాయి కాబట్టే వాటిని మూసల్లో బిగించవలసి వచ్చింది.

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. పేర్ల ఘర్షణను సర్దడానికి ఇప్పటికి నాలుగు సాధనాలు స్థిరపడ్డాయి, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేస్తాయి. శీర్షిక చివర కుండలీకరణాల్లో విశేషణం చేర్చి ‘అన్నమయ్య (సినిమా)’ అని రాయడం మొదటిది. ఒక శీర్షికను తెరవగానే వేరొక శీర్షికకు మళ్ళించే దారిమార్పు రెండోది. తెలుగు వికీలో పేజీ మొదట్లో #దారిమార్పు అని రాసి, జంట చదరపు కుండలీకరణాల్లో గమ్యం పేరు ఇస్తే ఇది జరుగుతుంది. ఒకే పేరు గల వ్యాసాలన్నింటినీ ఒక్కో పంక్తి పరిచయంతో వరుసగా చూపే పేజీ మూడోది. తెలుగు వికీపీడియన్లు దీనికి ‘అయోమయ నివృత్తి’ అని పేరు పెట్టుకున్నారు. హ్యాట్‌నోట్ నాలుగోది. మొదటి మూడూ పేజీల మధ్య అమరికకు సంబంధించినవి, పాఠకుడికి చాలాసార్లు కనబడను కూడా కనబడవు. నాలుగోది ఒక్కటే అతనితో నేరుగా మాట్లాడుతుంది.

మూస ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూడడం మంచిది. వికీపాఠ్యంలో రెండేసి మీసాల కుండలీకరణాల మధ్య ఒక పేరు రాస్తే, పేజీని తయారుచేసే కార్యక్రమం (దీనిని పార్సర్ అంటారు) మూసల పేరుబరిలో ఆ పేరు గల పేజీని వెతికి, దానిలోని పాఠ్యాన్ని తెచ్చి ఆ స్థానంలో పరుస్తుంది. పేరు తరువాత నిలువు గీతలతో వేరుచేసి ఇచ్చిన ముక్కలు, అంటే పరామితులు, మూస లోపలి ఖాళీల్లో వరుసగా కూర్చుంటాయి. ‘గురించి’ అనే మూసను ఒకరు తయారుచేశారనుకుంటే, సంకీర్తనాచార్యుడి పేజీ మొదటి పంక్తిలో ఇలా రాయవచ్చు:

{{గురించి|సంకీర్తనాచార్యుడి|సినిమా|అన్నమయ్య (సినిమా)|జిల్లా|అన్నమయ్య జిల్లా}}

పేజీ తెరిచిన పాఠకుడికి ఈ గీతలూ కుండలీకరణాలూ ఏవీ కనబడవు. ‘ఈ వ్యాసం సంకీర్తనాచార్యుడి గురించి. సినిమా కోసం అన్నమయ్య (సినిమా) వ్యాసాన్ని, జిల్లా కోసం అన్నమయ్య జిల్లా వ్యాసాన్ని చూడండి’ అని, కాస్త లోపలికి జరిపి, వాలు అక్షరాల్లో కనబడుతుంది. ఈ మూసలోని వాక్యాన్ని రేపు ఎవరైనా సవరిస్తే, దానిని పిలిచిన పేజీలన్నింటిలోనూ ఆ మార్పు తనంతట తానే చేరుతుంది. ఒక్క చోట చేసిన తప్పు వేల చోట్ల కనబడుతుందన్నది ఇదే సౌకర్యానికి రెండో పార్శ్వం కాబట్టి, ఎక్కువగా వాడే మూసలను అందరూ మార్చడానికి వీలు లేకుండా సంరక్షిస్తారు.

ఆంగ్ల వికీపీడియాలో ఈ కుటుంబపు మూసలు చాలానే ఉన్నాయి, వాటి మధ్య తేడా పాఠకుడు ఏ దారిన తప్పిపోయి వచ్చాడన్న దానిని బట్టి ఏర్పడింది. ‘ఎబౌట్’ మూస ఈ పేజీ దేని గురించో ముందు చెప్పి, తరువాత మిగిలిన వాటి దారి చూపుతుంది. ‘ఫర్’ మూస ఆ మొదటి వాక్యాన్ని వదిలేసి దారి మాత్రమే చూపుతుంది. ‘అదర్ యూజెస్’ మూసకు పరామితి ఏదీ ఇవ్వకపోయినా, తాను ఏ పేజీలో ఉందో ఆ పేజీ పేరును మీడియావికీ నుంచే తెలుసుకొని, దాని వెనుక ‘అయోమయ నివృత్తి’కి సమానమైన ఆంగ్ల పదాన్ని తగిలించి, లింకును తానే కట్టుకుంటుంది. పాఠకుడు ఒక పేరు రాసి, దారిమార్పు వల్ల వేరొక పేరు గల పేజీలో తేలినప్పుడు ‘రీడైరెక్ట్’ మూస పనికి వస్తుంది. పేర్లు ఒకటి కాకపోయినా ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశం ఉన్న చోట ‘డిస్టింగ్విష్’ మూస ఉంటుంది. ఒకప్పుడు ఈ మూసలన్నీ మీసాల కుండలీకరణాల్లో మీసాల కుండలీకరణాలను గుచ్చి రాసిన చిక్కుముడులుగా ఉండేవి. 2013 నుంచి వికీమీడియా ప్రాజెక్టుల్లో లువా అనే ప్రోగ్రామింగు భాష అందుబాటులోకి రావడంతో, ఎన్ని పరామితులు ఇచ్చారో లెక్కించడం, ఇవ్వనివాటికి ఊహించి విలువలు పెట్టడం, తప్పు ఉంటే హెచ్చరించడం వంటి పనులు హ్యాట్‌నోట్‌ల కోసమే రాసిన ఒక లువా మాడ్యూలుకు అప్పగించారు. బ్రెజిల్‌లోని రియో డి జనీరో పొంటిఫికల్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో 1993లో రూపొందిన చిన్న భాష లువా.

ఆ మాడ్యూలు చేసే పనుల్లో కంటికి కనబడనివే ఎక్కువ విలువైనవి. గమనిక వ్యాసంలో భాగం కాదని, దారి చూపే సామగ్రి మాత్రమేనని తెలిపే గుర్తులను అది హెచ్‌టీఎంఎల్‌లో చేరుస్తుంది. ఆ గుర్తులను బట్టి వికీ లోపలి వెతుకులాట యంత్రం ఆ పంక్తిని సూచికలో చేర్చుకోదు. చేర్చుకుంటే అన్నమయ్య జీవితచరిత్ర ‘జిల్లా’ అనే మాటకు ఫలితంగా వచ్చి కూర్చునేది. లింకుపై మౌసు నిలిపినప్పుడు కనిపించే చిన్న ముందుచూపు పెట్టెలోనూ ఆ పంక్తి రాదు. చూపు లేనివారి కోసం తెరపై పాఠ్యాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లకు ఇది గమనిక అని వేరే చెప్పే గుర్తు కూడా ఉంటుంది. చేతితో వాలు అక్షరాల్లో రాసిన గమనిక చూడడానికి అచ్చం ఇలాగే ఉన్నా ఈ పనులేవీ చేయలేదు.

శీర్షిక ఎవరికి దక్కాలన్నది సాఫ్ట్‌వేరు తేల్చే విషయం కాదు, వాదించి తేల్చుకోవలసినది. ఒక పేరుతో వెతికేవారిలో అత్యధికులు కోరుకునే అంశాన్ని ఆంగ్ల వికీపీడియా ‘ప్రాథమిక అంశం’గా గుర్తిస్తుంది, అందుకు వాడుక ఒక కొలబద్ద, దీర్ఘకాలిక ప్రాముఖ్యం రెండో కొలబద్ద. రెండూ ఒకే వైపు మొగ్గితే చిక్కు లేదు. యాపిల్ కంపెనీ వ్యాసాన్ని చదివేవారు పండు వ్యాసాన్ని చదివేవారి కంటే ఎక్కువే అయినా, విశేషణం లేని ‘యాపిల్’ శీర్షిక పండుకే ఉంది, కంపెనీకి దారి హ్యాట్‌నోట్ చూపుతుంది. బోస్టన్ విషయంలో తీర్పు మరో రకంగా ఉంది: ఇంగ్లండులోని లింకన్‌షైర్ బోస్టన్ పేరే అమెరికా నగరానికి పెట్టినా, పేరు ముందుగా ఎవరిదన్నది లెక్కలోకి రాలేదు, శీర్షిక మసాచుసెట్స్ నగరానికే దక్కింది. జార్జియా అనే పేరుకు ఒక దేశమూ అమెరికాలోని ఒక రాష్ట్రమూ సమానంగా పోటీ పడడంతో ఆ శీర్షికను ఎవరికీ ఇవ్వకుండా అయోమయ నివృత్తి పేజీకే వదిలేశారు. ‘మెర్క్యురీ’ కూడా అంతే, గ్రహానికీ మూలకానికీ రోమన్ దేవుడికీ ఆ పేరు ఉంది.

తెలుగులో ఈ చివరి చిక్కు లేనే లేదు. గ్రహం బుధుడు, మూలకం పాదరసం, రెండింటి పేర్లూ ఎక్కడా తగలవు. పేర్ల ఘర్షణలు ఒక భాష నుంచి మరో భాషకు అనువాదం కావు; ఆంగ్ల వికీలోని అయోమయ నివృత్తి పేజీని తెలుగులోకి దించుకోవడం తరచు వృథా ప్రయాస అయ్యేది ఇందుకే. తెలుగు ఘర్షణలు తెలుగువే. బుధుడు అనగానే సౌరకుటుంబంలోని గ్రహమూ, పురాణాల్లో చంద్రుని కొడుకూ, నవగ్రహ పూజలో దేవతా ఒకే శీర్షిక కోసం నిలబడతారు. రోహిణి అంటే నక్షత్రం, బలరాముడి తల్లి, మే చివరలో ఎండలు మండించే కార్తె, 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్వీ-3 రాకెట్టు కక్ష్యలో పెట్టిన ఉపగ్రహం, సినిమా నటి. తెలుగు సినిమా ఈ విషయంలో ప్రత్యేకంగా ఉదారమైనది, పాత పేరును మళ్ళీ పెట్టుకోవడానికి ఎన్నడూ వెనుకాడలేదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చిన తరువాత అదే పేరుతో 1942లోనూ 1967లోనూ సినిమాలు వచ్చాయి. ‘మాయాబజార్’ 1936, 1957, 2006లలో, ‘దేవదాసు’ 1953, 1974, 2006లలో వచ్చాయి. ఇలాంటి చోట ‘(సినిమా)’ అనే విశేషణం చాలదు, సంవత్సరం కూడా చేర్చవలసి వస్తుంది. అలా చేర్చినా, ‘మాయాబజార్’ అని మాత్రమే రాసే పాఠకుల్లో ఎక్కువమంది కోరేది 1957 నాటి కె.వి. రెడ్డి చిత్రమేనన్న తీర్పుకు గణాంకాలు కూడా అవసరం లేదు.

అన్నిటికంటే పెద్ద రాశి ఊళ్ళ పేర్లది. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో గ్రామాలవి చాలా పెద్ద భాగం, రామాపురం, లక్ష్మీపురం, వెంకటాపురం, కొత్తపల్లి, గొల్లపల్లి వంటి పేర్లు ఇంచుమించు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ప్రాథమిక అంశం కాజాలదు కాబట్టి, విశేషణం లేని పేరును అయోమయ నివృత్తి పేజీకి వదిలేసి, ఒక్కో ఊరికి కుండలీకరణాల్లో మండలం పేరు చేర్చడం అక్కడి ఆనవాయితీ. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985లో ప్రవేశపెట్టిన మండలాలు తాలూకాల కంటే చిన్నవి. అందువల్ల ఒక మండలంలో ఒకే పేరు గల రెండు ఊళ్ళు ఉండే అవకాశం తక్కువ, లేకపోలేదు. జిల్లా పేరును కాక మండలం పేరును ఎంచుకోవడం ఎంత ముందుచూపో తరువాత తెలిసివచ్చింది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో మరి రెండు చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. శీర్షికల్లో జిల్లా పేర్లే ఉండి ఉంటే వేలాది వ్యాసాల పేర్లు ఒక్క పూటలో పాతబడేవి. పునర్వ్యవస్థీకరణలో కొన్ని ఊళ్ళు మండలాలు కూడా మారాయి, వాటికి పేరు మార్చి, పాత పేరును దారిమార్పుగా నిలిపి ఉంచడం తప్ప మార్గం లేదు. ప్రముఖుల పేర్లు పెట్టుకున్న కొత్త జిల్లాలు ఈ పనికి తమ వంతు చేర్చాయి: అన్నమయ్య, అల్లూరి సీతారామరాజు, ఎన్టీఆర్ అనే పేర్లకు ఇప్పుడు ఒక్కొక్క భూభాగం కూడా ఉంది.

తెలుగు మూసలకు ఉన్న అసలైన కష్టం వ్యాకరణంలో ఉంది, దానిని చాలామంది మూసకర్తలు ఆలస్యంగా గుర్తిస్తారు. ఆంగ్ల మూసలో ఖాళీ పెట్టి దానిలో ఏ నామవాచకాన్ని పడేసినా వాక్యం నిలబడుతుంది, ఎందుకంటే ఆ భాషలో నామవాచకం వాక్యంలో తన స్థానాన్ని బట్టి రూపం మార్చుకోదు. తెలుగులో ‘గురించి’ అనే మాటకు ముందు ‘నది’, ‘సినిమా’ మారవు గాని, ‘నటుడు’ అనేది ‘నటుడి’ అవుతుంది, ‘ఊరు’ అనేది ‘ఊరి’ అవుతుంది. మూసను వాడే వ్యక్తి ఖాళీలో ‘నటుడు’ అని నింపితే ‘ఈ వ్యాసం నటుడు గురించి’ అనే ఎబ్బెట్టు వాక్యం వెలువడుతుంది. పై ఉదాహరణలో ‘సంకీర్తనాచార్యుడి’ అని షష్ఠీరూపంలో ఇవ్వవలసి వచ్చింది అందుకే. ‘చూడండి’ అనే క్రియ దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. ద్వితీయా విభక్తి ప్రత్యయం ముందున్న అచ్చును బట్టి మారుతుంది: సినిమాను, జిల్లాను, కాని నదిని, పేజీని, ‘ము’ వర్ణకపు మాటల్లోనైతే గ్రామాన్ని, మండలాన్ని. మూస లోపల ‘ను చూడండి’ అని బిగించి పెడితే సగం చోట్ల ‘కృష్ణా నదిను చూడండి’ వంటివి తయారవుతాయి. లింకు వెనువెంటనే వచ్చే తెలుగు అక్షరాలను ఆ లింకులోనే కలిపి చూపే ఏర్పాటు తెలుగు మీడియావికీలో ఉంది కాబట్టి, ఆ తప్పు ప్రత్యయం నీలిరంగులో మరీ మెరుస్తుంది.

ఫిన్నిష్, రష్యన్ వంటి భాషల కోసం మీడియావికీలో ఒక మాటను కోరిన విభక్తిలోకి మార్చి ఇచ్చే వ్యాకరణ సూత్రం ఉంది. తెలుగుకు అంత యంత్రాంగం అక్కరలేకుండానే గట్టెక్కే ఉపాయం ఒకటి ఉంది. మారే మాటకు ప్రత్యయం తగిలించకుండా, దాని పక్కన మారని మాటను నిలిపి, ప్రత్యయాన్ని ఆ మాటకు తగిలించాలి. ‘కృష్ణా నది వ్యాసాన్ని చూడండి’, ‘కృష్ణ (నటుడు) వ్యాసాన్ని చూడండి’ అన్నప్పుడు ప్రత్యయ భారం మొత్తం ‘వ్యాసం’ అనే మాట మోస్తుంది, లింకులోని పేరు చెక్కుచెదరదు. ‘ఈ వ్యాసం ఫలానా అంశం గురించి’ అని ‘అంశం’ను ఆసరా చేసుకున్నా ఇంతే. తెలుగు మూసలు అరువు వాక్యాలను వదిలి తమ నడకను తాము కనుక్కోవలసింది ఇటువంటి చోట్లనే. లువా కోడును యథాతథంగా తెచ్చుకోవచ్చు, వాక్యాన్ని మాత్రం కొత్తగా కట్టుకోవాలి.

పేర్లు ఒకటి కాకపోయినా ఒకటిగా కనబడే శీర్షికలు మరో తరగతి. ఆంగ్ల వికీపీడియాలో శీర్షిక మొదటి అక్షరం తప్ప మిగతావాటిలో చిన్న పెద్ద అక్షరాల తేడా పాటిస్తారు. దానివల్ల ‘ఐరన్ మెయిడెన్’ అనే పేరులో రెండో మాట చిన్నక్షరంతో మొదలైతే చిత్రహింసల పెట్టె గురించిన వ్యాసం, పెద్దక్షరంతో మొదలైతే రాక్ సంగీత బృందం గురించిన వ్యాసం తెరుచుకుంటాయి. తెలుగు లిపిలో ఆ తేడా లేదు గాని వేరే తేడాలున్నాయి. కల్యాణం, కళ్యాణం అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి, సాఫ్ట్‌వేరుకు అవి రెండు వేరు శీర్షికలు. పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి టైపు చేసేవారు చొప్పించే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వెడల్పు లేని అక్షరం ఇంకొక తలనొప్పి. ఇటువంటి జంటలకు హ్యాట్‌నోట్ పెట్టడం కొంగలను కొట్టడానికి ఫిరంగి పేల్చినట్టే. ఒక రూపాన్ని వ్యాసంగా నిలిపి, తక్కిన రూపాలను దారిమార్పులుగా చేస్తే చాలు. విశేషణాలను మరీ సాగదీయకూడదనడానికీ లిపిలోనే ఒక కారణం ఉంది: శీర్షిక పొడవుకు మీడియావికీ పెట్టిన హద్దు 255 బైట్లు, యూటీఎఫ్-8 సంకేతీకరణలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు పడితే తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటాయి కాబట్టి, తెలుగు శీర్షికకు దక్కేది 85 గుర్తులే.

గమనికలు ఎక్కడ ఉండకూడదన్న దానిపై ఆంగ్ల వికీపీడియా మార్గదర్శకాలు చాలా కచ్చితంగా ఉంటాయి, ఆ కచ్చితత్వం సమంజసమే. ‘చెట్టు (సమితి సిద్ధాంతం)’ అనే అర్థం వచ్చే శీర్షిక గల వ్యాసంపైన మామూలు చెట్టుకు దారి చూపనక్కరలేదు, ఎందుకంటే గణితంలోని ఆ మాటను అంత స్పష్టంగా రాసి వచ్చిన పాఠకుడు వేపచెట్టు కోసం వచ్చినవాడు కాడు. ఇంకా రాయని వ్యాసానికీ, బయటి వెబ్‌సైటుకూ గమనికలో లింకు ఇవ్వరు. పోటీలో ఉన్నవి రెండే అంశాలై, వాటిలో ఒకటి ప్రాథమికమైతే, అయోమయ నివృత్తి పేజీ అనవసరం. మొదటి వ్యాసంపైన రెండో దానికి ఒక్క పంక్తి దారి చాలు. గమనికను సమాచారం చొప్పించే సందుగా వాడడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఒక నటుడి పేజీపైన అదే పేరు గల మరొకరి అవార్డుల ప్రస్తావన చేర్చడం దారి చూపడం కాదు, ప్రచారం.

పాఠకుడి వైపు పని ఇలా ఉంటే, రాసేవారి వైపు మరొక పని ఉంది. ఒక వ్యాసంలో ‘రామాపురం’ అని తొందరలో లింకు పెట్టినవారు ఫలానా మండలంలోని ఊరికి కాక ఊళ్ళ జాబితాకు దారి పెడతారు. అటువంటి లింకులను పట్టుకోవడానికి అయోమయ నివృత్తి మూసలోనే ఒక మాయమాటను (మీడియావికీ పరిభాషలో మ్యాజిక్ వర్డ్) దాచి పెడతారు. అది ఉన్న ప్రతి పేజీనీ డిసాంబిగ్యుయేటర్ అనే పొడిగింత గుర్తించి, ఆ పేజీల జాబితానూ, వాటికి లింకులున్న పేజీల జాబితానూ ప్రత్యేక పేజీల్లో చూపుతుంది. కావాలనే జాబితాకు లింకు ఇవ్వవలసిన సందర్భాల్లో, హ్యాట్‌నోట్ మూసలోలాగే, ‘(అయోమయ నివృత్తి)’ అని తోక ఉన్న దారిమార్పు గుండా లింకు ఇవ్వడం ఆంగ్ల వికీలో పద్ధతి; అప్పుడు కావాలని చేసినది ఏదో, పొరపాటున జరిగినది ఏదో నిర్వాహకులకు చూడగానే తెలుస్తుంది.

పాఠకుల సౌకర్యం కోసం మనుషులు ఓపిగ్గా చేసిన ఈ వేరుచేత, ఎవరూ ఉద్దేశించని విధంగా, యంత్రాలకు పాఠ్యపుస్తకమైంది. రజ్వాన్ బునెస్కు, మారియస్ పాస్కా 2006లో వికీపీడియాలోని దారిమార్పులను, అయోమయ నివృత్తి పేజీలను, లింకులను ఆధారం చేసుకొని, వాక్యంలో కనిపించిన పేరు ఏ వ్యక్తిదో యంత్రం చేత తేల్చే పద్ధతిని ప్రకటించారు. వికీపీడియా సంపాదకులు లింకు పెట్టిన ప్రతిసారీ ఒక మాటకు అర్థాన్ని నిర్ణయిస్తున్నారనీ, ఆ నిర్ణయాలనే శిక్షణ సామగ్రిగా వాడుకోవచ్చనీ రాడా మిహల్చా 2007లో చూపింది. అంతకు ముందు భాషావేత్తలు ఇటువంటి సామగ్రిని చేతితో గుర్తులు పెట్టుకుంటూ తయారుచేసుకునేవారు. 2012 అక్టోబరులో మొదలైన వికీడేటా మరో దారి పట్టింది: అక్కడ ప్రతి అంశానికీ ‘క్యూ’తో మొదలయ్యే సంఖ్య ఉంటుంది, పేరు కేవలం దానిపై అతికించిన చీటీ. పేర్లు ఎన్నైనా కలవవచ్చు. ఒక భాషలో పేరూ దాని పక్కని చిన్న వివరణా రెండూ కలిసి మరో అంశంతో సరిపోలకూడదన్నదే నిబంధన. అయోమయ నివృత్తి పేజీలన్నీ ఏ తరగతికి చెందినవో చెప్పే అంశానికీ ఒక సంఖ్య ఉంది, అది క్యూ4167410.

సంఖ్యలు యంత్రాలకు సరిపోతాయి. వెతుకుపెట్టెలో క్యూ సంఖ్య రాసే పాఠకుడు ఉండడు కాబట్టి పేజీ నెత్తిన ఒక్క పంక్తి గమనిక అవసరం తీరదు, దానిని పెట్టడానికి ప్రత్యేక హక్కులూ అక్కరలేదు. తమ ఊరి పేరు మరో మండలంలోని ఊరికి కూడా ఉన్న తెలుగువారు తెలుగు వికీపీడియాలో ఆ పేరును ఒకసారి వెతికి చూడవచ్చు. అయోమయ నివృత్తి జాబితాలో తమ ఊరు లేకపోతే చేర్చి, ఆ పక్కన మండలం, జిల్లా పేర్లు నేటి పునర్వ్యవస్థీకరణ ప్రకారం ఉన్నాయో లేవో సరిచూసి, సందేహం మిగిలితే అక్కడి రచ్చబండ పేజీలో అడగడం మంచిది.